కలప ఏ అడవిదో తెలుసుకొని కొనడం ఎలా: కొత్త ఇల్లు కట్టుకునేవారికి

ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు ఏ కంపెనీదో, ఇనుము ఏ గ్రేడుదో అడిగి మరీ కొనేవారు కూడా సింహద్వారం కలప దగ్గరికి వచ్చేసరికి అడితి యజమాని "ఇది అసలైన బర్మా టేకండీ" అన్న ఒక్క మాటకే తృప్తి పడిపోతుంటారు. టేకును ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనదే. హైదరాబాదులోనో విజయవాడలోనో మీ ముందు దొర్లించి చూపించే దుంగ ఆఫ్రికాలోని ఘనాలోనో, దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌లోనో నరికినది కావచ్చు. గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగి, పక్కనే ఉన్న గాంధీధామ్ కోత మిల్లుల మీదుగా వచ్చి ఉండవచ్చు. అంత దూరం ప్రయాణించిన కర్రకు దారి పొడవునా కాగితాలు పుడతాయి. ఆ కాగితాలను అడిగి తీసుకోవడం, వాటిని కర్రతో సరిపోల్చడం, ఆ పైన ఆ అడవి మళ్లీ పెరుగుతుందా లేదా అన్నది అంచనా వేయడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

మొదట: ఎంత కలప కావాలో మీరే లెక్క వేసుకోండి

అడితికి వెళ్లే ముందే మీ వడ్రంగి చేత కొలతల జాబితా రాయించుకోండి. ఉదాహరణకు 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉన్న ద్వారబంధానికి 5 అంగుళాలకు 3 అంగుళాల కమ్మీ వాడదలచుకుంటే, గడపతో కలిపి మొత్తం పొడవు 22 అడుగులు అవుతుంది. 22ను 15తో గుణించి 144తో భాగిస్తే సుమారు 2.3 ఘనపుటడుగులు, అంటే అడితి భాషలో 2.3 సీఎఫ్‌టీ. కోతలో పోయే తరుగును దీనికి కలుపుకోవాలి. ఇదే పద్ధతిలో ఇంట్లోని అన్ని తలుపులకూ కిటికీలకూ లెక్క వేస్తే, నిజంగా టేకు అవసరమైన చోట్లు ఎన్ని, కేవలం అలవాటు కొద్దీ అడుగుతున్న చోట్లు ఎన్ని అన్నది మీకే తెలిసిపోతుంది. ఎండా వానా తగిలే సింహద్వారానికి టేకు వాడడంలో అర్థం ఉంది. లోపలి గదుల ద్వారబంధాలకు బాగా ఆరిన వేప, నల్లమద్ది, ఏగిస చక్కగా సరిపోతాయి. మన పెద్దలు వాడినవీ అవే.

దుంగను దుంగగానే కొంటుంటే మరొక లెక్క కూడా తెలిసి ఉండాలి. వ్యాపారులు దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి, పొడవుతో గుణించి ఘనపరిమాణం చెబుతారు. 40 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కలో 5.6 ఘనపుటడుగులు వస్తుంది, కానీ గుండ్రని దుంగ అసలు పరిమాణం 7కు కొంచెం పైనే ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. గుండ్రని దుంగను పలకలుగా కోస్తే పోయే తరుగును ముందుగానే తీసివేసే పాత బ్రిటిష్ కొలత అది, దుంగల వ్యాపారంలో ఇప్పటికీ చెల్లుతోంది. దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఏమిటంటే, కలప తరలింపు పర్మిట్ల మీద పరిమాణం సాధారణంగా ఘనపు మీటర్లలో ఉంటుంది (ఒక ఘనపు మీటరు అంటే 35.3 ఘనపుటడుగులు), అడితిలో మాత్రం అడుగుల్లో చెబుతారు. ఈ రెండింటినీ ఒక లెక్కలోకి తెచ్చుకోలేని వారికి కాగితం చూపించినా చూపించకపోయినా ఒకటే.

తరువాత: పేరు వదిలి దేశం అడగండి

బర్మా టేకు, బల్లార్షా టేకు, సీపీ (పాత సెంట్రల్ ప్రావిన్సెస్) టేకు, ఘనా టేకు అంటూ అడితిలో వినిపించే పేర్లలో కొన్ని మాత్రమే ఊళ్లను, దేశాలను సూచిస్తాయి. "బర్మా" అన్నది చాలా చోట్ల నాణ్యతకు పెట్టిన ముద్దుపేరుగా మారిపోయింది. మయన్మార్ (పాత పేరు బర్మా) ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. కాబట్టి మీకు చూపిస్తున్నది బెరడు ఆనవాళ్లున్న గుండ్రటి దుంగ అయి, అది ఈ మధ్యనే మయన్మార్ నుంచి వచ్చిందని చెబితే, ఆ మాటైనా అబద్ధం కావాలి, ఆ సరుకైనా దొంగదారిన వచ్చి ఉండాలి. కోసిన సైజుల రూపంలో అక్కడి నుంచి రావడానికి అవకాశం ఉంది. అయితే ఆ దేశంలో టేకు అమ్మకం మయన్మార్ టింబర్ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది, 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్న తరువాత ఆ సంస్థ మీద అమెరికా ఏప్రిల్‌లోనూ, ఐరోపా సమాఖ్య జూన్‌లోనూ ఆంక్షలు విధించాయి. మన దేశంలో ఆ కలప కొనడం నేరం కాదు. ఆ డబ్బు ఎవరి చేతికి చేరుతుందో తెలిసి కొనాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం. నన్ను అడిగితే వద్దనే అంటాను.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. టేకు సహజంగా పెరిగే దేశాలు నాలుగే: భారత్, మయన్మార్, థాయిలాండ్, లావోస్. ఘనా, నైజీరియా, టాంజానియా, ఈక్వెడార్, పనామా, కోస్టారికా, బ్రెజిల్ వంటి దేశాల నుంచి వచ్చే టేకు అంతా ఎవరో ఒకరు నాటి పెంచినదే. అందువల్ల ఈ దేశాల టేకు విషయంలో "సహజారణ్యాన్ని నరికారా" అన్న ప్రశ్నకు బదులు, ఆ తోటను ఏ నేల మీద వేశారు, ఎవరి అనుమతితో నరికారు, నరికిన చోట మళ్లీ నాటారా అని అడగాలి. దక్షిణ సూడాన్‌లో బ్రిటిష్ కాలంలో వేసిన మేలైన టేకు తోటలున్నాయి. అంతర్యుద్ధం సాగిన ఆ దేశంలో వాటి నరికివేతకు, సాయుధ ముఠాల సంపాదనకు సంబంధం ఉందన్న ఆరోపణలు ఎప్పటి నుంచో వస్తున్నాయి. అక్కడి కలప పొరుగు దేశాల మీదుగా రేవులకు చేరుతుంది కాబట్టి, ఓడ ఎక్కిన రేవు పేరునే మూలదేశంగా నమ్మకూడదు. "ఏ రేవు నుంచి వచ్చింది" అని కాకుండా "ఎక్కడ నరికారు" అని అడగండి.

తోట టేకును చులకనగా చూడడం కూడా సరి కాదు. ఇరవై, పాతికేళ్లకే నరికిన చెట్టులో చేవ తక్కువగానూ, దాని చుట్టూ ఉండే తెల్లటి చెక్క ఎక్కువగానూ ఉంటుంది, నిజమే. అయితే చేవ భాగాన్ని మాత్రమే ఏరి కోయించుకుంటే ఇంటి అవసరానికి అది బాగానే నిలుస్తుంది. దుంగ కోత ముఖం మీద కొద్దిగా నీళ్లు చల్లి తుడిచి చూడండి: బంగారు గోధుమ రంగు చేవ ఎక్కడితో ఆగిందో, పాలిపోయిన అంచు ఎన్ని అంగుళాలుందో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ అంచు ఉన్న కమ్మీని ద్వారబంధానికి తీసుకోకండి, ముందు చెదపురుగు పట్టేది అక్కడే.

మలేషియా సాల్ పేరుతో అమ్మే కర్ర సంగతి వేరు. అది మన గుగ్గిలం చెట్టు కాదు. మలేషియా అడవుల్లోని రకరకాల గట్టి కలపలకు వ్యాపారులు కలిపి పెట్టిన పేరు. అది ఎక్కువగా సహజారణ్యాల నుంచి వచ్చేదే కాబట్టి, టేకు కంటే కూడా దీనికే కాగితాలు గట్టిగా అడగాలి. మలేషియాకు సొంత అటవీ ధ్రువీకరణ పథకం ఉంది; 2009 నుంచి దానికి పీఈఎఫ్‌సీ అనే అంతర్జాతీయ వ్యవస్థ గుర్తింపు కూడా ఉంది. ధ్రువీకరించిన సరుకు దొరుకుతుందనే దీని అర్థం, దొరికే సరుకంతా ధ్రువీకరించినదని కాదు.

కాగితాలు అడగడం, వాటిని కర్రతో సరిపోల్చడం

దిగుమతి కలపకు ప్రధానంగా మూడు కాగితాలుంటాయి. కస్టమ్స్ వద్ద దాఖలయ్యే బిల్ ఆఫ్ ఎంట్రీలో జాతి, పరిమాణం, మూలదేశం కనిపిస్తాయి. టారిఫ్ పద్దులో దుంగలు 4403 కింద, కోసిన కలప 4407 కింద వస్తాయి. మీకు చూపిస్తున్నది దుంగ అయి, కాగితంలో 4407 ఉంటే అది వేరే సరుకు కాగితమని వెంటనే తెలిసిపోతుంది. రెండవది ఎగుమతి చేసిన దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం. మన దేశపు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అది లేకుండా దుంగలను దించుకోనివ్వరు, చెట్టు శాస్త్రీయ నామం కూడా అందులో ఉంటుంది. టేకు అయితే టెక్టోనా గ్రాండిస్ అని ఉండాలి. మూడవది మూలదేశ ధ్రువపత్రం.

మీ ఊరి అడితి యజమాని స్వయంగా దిగుమతిదారు కాకపోవచ్చు కాబట్టి ఇవన్నీ ఆయన దగ్గర ఉంటాయని ఆశించలేం. ఆయన గాంధీధామ్ వ్యాపారి దగ్గర కొన్న బిల్లు చూపించగలగాలి, ఆ వ్యాపారి నుంచి పై కాగితాల నకళ్లు తెప్పించగలగాలి. "మా దగ్గర అలాంటివేమీ ఉండవండీ, కర్ర చూసి తీసుకోండి" అంటే మరో అడితికి వెళ్లడమే మంచిది. మీరు మర్యాదగా, కొనే ఉద్దేశంతోనే అడుగుతున్నారని తెలిస్తే చాలామంది తెప్పించి ఇస్తారు. ఇంకా ముఖ్యమైనది మీకిచ్చే బిల్లు. అందులో "కలప" అని ఒక్క ముక్క రాసి ఊరుకోనివ్వకండి. "టేకు, కోసిన సైజులు, మూలదేశం ఘనా" అని రాయించండి. నోటితో ఏ దేశం పేరైనా చెప్పవచ్చు గాని, జీఎస్టీ బిల్లు మీద రాసేటప్పుడు ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

మన అడవుల కలపైతే పద్ధతి వేరు. అటవీ శాఖ డిపోల్లో వేలం పాడిన దుంగల మీద సుత్తితో కొట్టిన ముద్ర, సంఖ్య ఉంటాయి; కొన్నవారికి డిపో రసీదు, ట్రాన్సిట్ పర్మిట్ ఇస్తారు. పర్మిట్‌లోని దుంగల సంఖ్య, చుట్టుకొలతలు, బయలుదేరిన చోటు, గడువు తేదీ చూడండి. గడువు దాటిన పర్మిట్‌ను, లేదా 2 ఘనపు మీటర్లకు ఇచ్చిన పర్మిట్‌ను చూపించి దాని మీద 10 ఘనపు మీటర్లు అమ్మడమే ఈ రంగంలో అన్నిటికంటే పాత ఎత్తు. ఇందాకటి అడుగులు, మీటర్ల లెక్క అక్కరకు వచ్చేది ఇక్కడే. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ ట్రాన్సిట్ పాస్ విధానంలో జారీ అయిన పాసు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని ఫోనుతో సరిచూసుకోవచ్చు. కోసిన కలపైతే కోత మిల్లుకు లైసెన్సు ఉందో లేదో కూడా అడగండి. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తరువాత లైసెన్సు లేని మిల్లులు నడవడానికి వీల్లేదు.

చట్టబద్ధమైన కలప, నిలకడ గల అడవి: ఈ రెండూ ఒకటి కావు

పై కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయనుకుందాం. దాంతో ఆ కలప దొంగసరుకు కాదని తేలింది, అంతే. ఒక ప్రభుత్వం సహజారణ్యాన్ని పామాయిల్ తోటకు కేటాయించి, అక్కడి చెట్లన్నీ కొట్టేయడానికి అనుమతి ఇస్తే ఆ కలపకు కూడా అన్ని కాగితాలూ పక్కాగా ఉంటాయి. కాబట్టి అడగవలసిన తరువాతి ప్రశ్న: నరికిన తరువాత అక్కడ అడవి మిగిలిందా?

నిలకడైన నరికివేత అంటే ఏమిటో అర్థం కావడానికి బర్మా టేకు చరిత్ర కన్నా మంచి ఉదాహరణ లేదు. 1856లో డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ శాస్త్రవేత్త బర్మాలోని పెగూ అడవుల బాధ్యత తీసుకొని చెట్లను చుట్టుకొలతల వారీగా లెక్కపెట్టించాడు. సన్న చెట్లు లావు చెట్ల తరగతిలోకి ఎన్నేళ్లకు చేరతాయో అంచనా కట్టించి, అలా చేరేవాటికి మించి నరకకూడదని నియమం పెట్టాడు. దాని నుంచి రూపుదిద్దుకున్న పద్ధతిలో అడవిని భాగాలుగా విడదీసి, నరికిన భాగానికి మళ్లీ 30 ఏళ్ల తరువాతే వెళతారు. నిర్ణీత లావు లేని చెట్టును ముట్టుకోరు. ఈ నియమాలు కాగితం మీద బర్మాలో ఇప్పటికీ ఉన్నాయి. ఏటా నరకవలసిన పరిమితిని దాటి దశాబ్దాల తరబడి నరకడం వల్లే అక్కడి అడవులు దెబ్బతిన్నాయి. మన అటవీ శాఖ ప్రతి డివిజన్‌కు తయారు చేసే వర్కింగ్ ప్లాన్ (అడవి నిర్వహణ ప్రణాళిక) వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. బ్రాండిసే 1864లో మన దేశానికి మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు.

ఒక ఇల్లు కట్టుకునేవారు అంత దూరపు అడవిని స్వయంగా చూసి రాలేరు కాబట్టి ధ్రువీకరణ ముద్రలు పుట్టాయి. వాటిలో బాగా తెలిసినవి 1993లో ఏర్పడిన ఎఫ్‌ఎస్‌సీ (ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్), 1999లో ఏర్పడిన పీఈఎఫ్‌సీ. మన దేశం కూడా 2023 డిసెంబరులో భారతీయ అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని ప్రారంభించింది. ఎఫ్‌ఎస్‌సీ అని చెబితే ఇలా పరీక్షించండి:

1. అమ్మేవారి ధ్రువపత్రం సంఖ్య అడిగి, ఎఫ్‌ఎస్‌సీ వెబ్‌సైటులోని అన్వేషణ పేజీలో వెతకండి. అది చెల్లుబాటులో ఉందా, సస్పెండ్ అయిందా, రద్దయిందా అన్నది అక్కడ కనిపిస్తుంది.
2. అదే పేజీలో ఆ సంస్థకు ఏ ఏ సరుకులకు ధ్రువీకరణ ఉందో చూడండి. ప్లైవుడ్‌కు తెచ్చుకున్న ధ్రువపత్రం టేకు దుంగలకు పనికి రాదు.
3. మీ బిల్లు మీద ఆ సరుకుకు ఎదురుగా "ఎఫ్‌ఎస్‌సీ 100%" లేదా "ఎఫ్‌ఎస్‌సీ మిక్స్" అన్న మాట, ధ్రువపత్రం సంఖ్య ఉండాలి.

చాలామంది తప్పిపోయేది మూడో మెట్టు దగ్గరే. గోడ మీద ఫ్రేము కట్టి పెట్టిన ధ్రువపత్రం ఆ సంస్థకు సంబంధించినది. మీరు కొన్న కర్రకు ధ్రువీకరణ బిల్లు మీద రాసినప్పుడే వర్తిస్తుంది. "మిక్స్" అంటే ధ్రువీకరించిన అడవి కలపతో పాటు వేరే చోటి కలప కూడా ఉండవచ్చునని. ఈ ముద్రలు అక్రమాలను పూర్తిగా ఆపుతాయని నేను అనుకోను. ముద్ర లేని సరుకుతో పోలిస్తే మాత్రం, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెతకడానికి ఒక దారి ఉంటుంది.

ప్లైవుడ్ సంగతి

అలమారాలకు, వంటింటి అరలకు వాడే ప్లైవుడ్‌లో లోపలి పొరలు చాలావరకు మన రైతుల పొలాల్లో పెరిగిన జామాయిలు, పాప్లర్ వంటివే. వాటి విషయంలో పెద్దగా ఆందోళన అక్కర్లేదు. పైన కనిపించే ఎర్రటి సన్నని పొర మాత్రం విదేశీ అడవులది. ఒకప్పుడు అది మయన్మార్ నుంచి వచ్చే గర్జన్ అనే చెట్టు కలప. అక్కడ 2014లో దుంగలు ఆగిపోయాక కంపెనీలు లావోస్ వైపు తిరిగాయి. 2016లో లావోస్ కూడా ముడి కలప ఎగుమతిని ఆపేసింది. ఆ తరువాత మన కంపెనీల చూపు మధ్య ఆఫ్రికాలోని గాబన్ మీద, అక్కడి ఒకూమే చెట్టు మీద పడింది. గాబన్ 2010లోనే దుంగల ఎగుమతిని నిషేధించి, కోత అంతా తమ దేశంలోనే జరగాలని పట్టుబట్టింది. కొనేటప్పుడు పై పొర గర్జనా, ఒకూమేనా అని అడగండి. మయన్మార్ గర్జన్ అని గొప్పగా చెప్పే షీటు కంటే, కాగితాలున్న ఒకూమే షీటు మేలు.

కొననే కూడనివి

ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలే దాని పుట్టిల్లు. 1995 నుంచి అది అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో (అనుమతితోనే దేశాల మధ్య వ్యాపారం జరగవలసిన జాతుల జాబితాలో) ఉంది. "తక్కువలో ఇప్పిస్తాం" అని ఎవరైనా పూజగది కోసం ఎర్రచందనం దుంగ తెచ్చిస్తామంటే అది స్మగ్లింగ్ సరుకేనని అర్థం చేసుకోండి. జిట్రేగి (రోజ్‌వుడ్) విషయంలో పూర్తి నిషేధం లేదు, కానీ 2017 నుంచి ఆ వృక్షాల ప్రజాతి అంతా అదే అనుబంధంలో ఉంది. జిట్రేగి కుర్చీనో బల్లనో అమెరికాకో ఐరోపాకో పంపదలచుకున్న వారు ముందుగా సైటిస్ అనుమతి అవసరమో కాదో తెలుసుకోవాలి. అమెరికాలో 2008లో సవరించిన లేసీ చట్టం ప్రకారం, మూలదేశపు చట్టాన్ని అతిక్రమించి నరికిన కలపను దిగుమతి చేసుకోవడం కూడా నేరమే.

అడితికి వెళ్లకుండా దొరికే కలప

నా సిఫారసు మాత్రం ఈ రెండు దారులే. మొదటిది రైతు పొలం గట్టు మీది టేకు. నేల ఎవరిదో, చెట్టు ఎవరు నాటారో మీ కళ్ల ముందే ఉంటుంది. సరుగుడు, సుబాబుల్, జామాయిలు వంటి వాటికి రవాణా అనుమతి అక్కర్లేదు గాని టేకుకు కావాలి. నరకడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి, తరలించడానికి అటవీ శాఖ పర్మిట్ రైతు పేరు మీద తీసుకోవాలి. చెట్టు నరికాక దరఖాస్తు చేద్దామనుకోవద్దు. నిలబడి ఉన్న చెట్టును చూసి కొలవకుండా అధికారి పర్మిట్ రాయలేరు. పచ్చి కర్రను కోయించి, పలకల మధ్య రీపులు పెట్టి నీడలో ఆరబెట్టడానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి, పునాది తవ్వే నాటికే కలప సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాలి.

రెండవది పాత ఇళ్ల కలప. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు కూల్చినప్పుడు బయటపడే స్తంభాలు, దూలాలు, ద్వారబంధాల్లో కాకినాడకు, రంగూన్‌కు మధ్య ఓడలు తిరిగిన రోజుల నాటి నిఖార్సైన బర్మా టేకు ఇప్పటికీ దొరుకుతుంది. కొనే ముందు ప్రతి ముక్కనూ తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే లోపల చెద తిన్నదని అర్థం. నేలలో దిగి ఉన్న అడుగు భాగాన్ని కోయించి తీసివేయండి. మేకులన్నీ పీకించిన తరువాతే మిల్లుకు పంపండి, లేకపోతే రంపం పళ్లు విరిగి మిల్లువాడు మీ దగ్గరే వసూలు చేస్తాడు. కూల్చిన ఇంటి యజమాని చేత ఆ ఇంటి నంబరు, కలప పరిమాణం రాసి సంతకం చేసిన అమ్మకపు కాగితం తీసుకోండి. పాత కలపే అయినా దారిలో అడిగితే చూపించవలసింది అదే.

ఇంటికి చేర్చడం

బండి కదిలే ముందు బిల్లు, పర్మిట్ నకలు డ్రైవరు చేతికి ఇచ్చి, అసలు కాగితాలు మీ దగ్గర ఉంచుకోండి. మిల్లులో కోయిస్తే, ఎన్ని దుంగలు ఇచ్చారో, ఎన్ని సైజులు తిరిగి వచ్చాయో మిల్లు రసీదు మీద రాయించుకోండి, ఎందుకంటే మీ దుంగ లోపలికి వెళ్లి వేరొకరి కర్ర బయటికి రావడానికి అక్కడే అవకాశం ఎక్కువ. దుంగల రెండు చివర్లా మీ గుర్తు పెయింటుతో వేయించి, కోత జరిగేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. పనైపోయాక బిల్లు, పర్మిట్, ధ్రువపత్రాల నకళ్లను ఇంటి ప్లాను, రిజిస్ట్రేషన్ కాగితాలతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి.